ఆయుర్వేదం: మద్రాసులో మొదలైన తగవు

1914లో మద్రాసు ప్రభుత్వం వైద్యుల రిజిస్ట్రేషన్ చట్టం తెచ్చింది. పాశ్చాత్య వైద్యం చదివినవాళ్ల పేర్లే ఆ పట్టికలో ఎక్కాయి. వేలాది ఊళ్లలో నాడి చూసి మందిచ్చే వైద్యులు, హకీములు దాని బయటే ఉండిపోయారు. అంతటితో ఆగితే తగవు ఇంత పెరిగేది కాదేమో. రిజిస్టరయిన డాక్టరు దేశీయ వైద్యులతో కలిసి పనిచేయడం కూడా వృత్తి ధర్మానికి తప్పేనని మెడికల్ కౌన్సిల్ వాదించింది. ఆయుర్వేద కళాశాలతో సంబంధం పెట్టుకున్న డాక్టరుకు హెచ్చరిక కూడా వెళ్లింది. అంటే మందు పనిచేస్తుందా లేదా అన్నది చూడకముందే, మనుషులు ఒకరి పక్కన ఒకరు కూర్చోవచ్చా అన్న దగ్గరే చర్చ ఆగిపోయింది. వందేళ్లు దాటినా ఆ చిక్కుముడి పూర్తిగా విడిపోలేదని నా అభిప్రాయం.

అప్పటికి తెలుగువాళ్లకు సొంత వైద్య వాఙ్మయం చాలానే ఉంది. సంస్కృత శ్లోకాలను తెలుగు తాత్పర్యంతో జోడించిన బసవరాజీయం ఆంధ్ర వైద్యుల ఇళ్లలో తరతరాలుగా నిత్యం వాడే గ్రంథం. చిక్కు మరోచోట ఉంది. చికిత్సా రహస్యాలు చాలావరకు కుటుంబాలు దాటేవి కావు. కొడుకు నేర్చుకోకపోతే తండ్రి విద్య తండ్రితోనే పోయేది. ఫలానా మందు ఎంతమందికి ఇచ్చారు, ఎందరికి నయమైంది, ఎందరికి కాలేదు అన్న లెక్క రాసి ఉంచే అలవాటు ఎక్కడో తప్ప లేదు.

అచ్చు యంత్రం, తపాలా వచ్చాక మందు ఊరు దాటి అంగడికి చేరింది. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. ఆ నొప్పి మందు మీద వచ్చిన లాభమే 1908లో ఆంధ్రపత్రికకు పెట్టుబడి అయింది. తెలుగు పత్రికా రంగం ఆ చిన్న సీసాకు ఎంత రుణపడి ఉందో తలచుకుంటే ఇప్పటికీ అబ్బురమే. మద్రాసులో కె.ఎన్. కేసరి కేసరి కుటీరం అనే మందుల సంస్థ నెలకొల్పి, స్త్రీల కోసం చేసిన లోధ్ర అనే మందును ఇంటింటి పేరు చేశారు. 1928లో గృహలక్ష్మి పత్రికను కూడా మొదలుపెట్టారు.

చదువు వైపు మొదటి పెద్ద అడుగు వేసినవారు మచిలీపట్నం నుంచి వెళ్లిన పండిత దీవి గోపాలాచార్యులు. మద్రాసులో కన్యకాపరమేశ్వరి దేవస్థానం అండతో ఆయుర్వేద వైద్యశాల, కళాశాల నడిపారు. ప్లేగు రోజుల్లో ఆయన చేసిన మందులకు పేరొచ్చింది. ఆ తర్వాత ఈ పని భుజాన వేసుకున్న ఆచంట లక్ష్మీపతిది ఇంకా అరుదైన దారి. ఆయన మద్రాసు మెడికల్ కాలేజీలో ఎం.బి.సి.ఎం. చదివిన డాక్టరు. కోరి ఆయుర్వేదంలోకి వచ్చారు. 

లక్ష్మీపతి దగ్గరకు ఒకనాడు ఒక యువ రోగి వచ్చాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. స్ప్రూ అనే జబ్బు అతని ఇద్దరు అన్నదమ్ములను రోజుల తేడాలో తీసుకుపోయింది. మన వైద్యులు గ్రహణి కింద చూసే లక్షణాలే: ఆగని విరేచనాలు, రక్తహీనత, కృశించిపోవడం. అదే జబ్బు సుబ్బారావుకూ వచ్చింది. లక్ష్మీపతి ఇచ్చిన ఆయుర్వేద మందుతో కోలుకున్నాడని సుబ్బారావు జీవితచరిత్ర రాసినవాళ్లు చెబుతారు. ఆ తర్వాత ఆయుర్వేద కళాశాలలోనే శరీరశాస్త్రం బోధించాడు. ఆ మందులో పనిచేసింది ఏమిటి? ఈ ప్రశ్నకు జవాబు వెతికే ప్రయోగశాల అక్కడ లేదు. 1922లో హార్వర్డుకు బయలుదేరాడు. 1945లో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వంలోని బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అది స్ప్రూ రక్తహీనతకు మందయింది. అన్నదమ్ములను తీసుకుపోయిన జబ్బుకు ఆయన పరిశోధనే విరుగుడు అందించింది. బోదకాలుకు వాడే హెట్రజన్ వెనకా, క్యాన్సర్ చికిత్సలో తొలి ఫోలేట్ విరోధి మందుల వెనకా ఆయన పనే ఉంది. ఆయన ఏ వైద్యాన్నీ దూషించలేదు, ఏ వైద్యానికీ పూజ చేయలేదు. పదార్థాన్ని విడదీసి, కొలిచి, జబ్బు మీద వాడి చూశారు.

ఆయన హార్వర్డుకు వెళ్లకముందు నుంచీ మద్రాసులో మాత్రం వాదన శాస్త్రమా కాదా అన్న దగ్గరే తిరుగుతోంది. 1918లో ప్రభుత్వం డాక్టర్ కోమన్‌కు దేశీయ మందులను పరీక్షించే పని అప్పగించింది. ఆయన నివేదిక ఆయుర్వేదం పట్ల కటువుగా రావడంతో వైద్యులు భగ్గుమన్నారు. 1921లో ముహమ్మద్ ఉస్మాన్ అధ్యక్షతన కమిటీ వేశారు. కార్యదర్శి కెప్టెన్ జి. శ్రీనివాసమూర్తి కూడా పాశ్చాత్య వైద్యం చదివినవారే. 1923 నివేదిక దేశీయ వైద్యాలకు శాస్త్రీయత ఉందన్నది, శస్త్రచికిత్సలో మాత్రం పాశ్చాత్యం నుంచి నేర్చుకోవాలన్నది. ఆ ఫలితమే 1925లో తెరిచిన ప్రభుత్వ దేశీయ వైద్య పాఠశాల. ఆయుర్వేదం, సిద్ధ, యునానీలతోపాటు ఆధునిక శరీరశాస్త్రం, శస్త్రచికిత్స కూడా నేర్పారు. అక్కడ చదివి ఎల్.ఐ.ఎం. పట్టా పొందిన డాక్టర్లు చాలా పల్లెలకు తొలి చదువుకున్న వైద్యులు. పాత తరం వాళ్ల నోట ఆ మూడక్షరాలు ఇప్పటికీ వినబడతాయి.

ఈ ప్రయోగం ఎక్కడ తేలిందో చూడాలి. రెండూ చదివిన విద్యార్థులు ఆధునిక డిగ్రీ కావాలని పట్టుబట్టారు. మరోవైపు శుద్ధ ఆయుర్వేదం అనేవాళ్లు కలిపి చెప్పే చదువే అపచారమన్నారు. చివరికి ఆ సంస్థే 1960లో కీల్పాక్ మెడికల్ కాలేజీగా, అచ్చమైన అలోపతి కళాశాలగా మారింది. నా లెక్కలో ఇది పెద్ద నష్టం. ఒకే వార్డులో ఒకే రోగిని రెండు చూపులతో పరిశీలించి, ఫలితం రాసిపెట్టగల చోటు అది. అది పోయాక రెండు గోడల మధ్య రెండు లోకాలు మిగిలాయి.

తర్వాతి కథ చట్టాలది. 1970 చట్టంతో దేశీయ వైద్యానికి కేంద్ర మండలి వచ్చింది. 2003లో విభాగానికి ఆయుష్ అని పేరు పెట్టారు, 2014లో అది మంత్రిత్వ శాఖ అయింది. 2020 నవంబరులో ఆయుర్వేద పీజీలు 58 రకాల శస్త్రచికిత్సలు చేయవచ్చని నిబంధన వచ్చినప్పుడు అలోపతి డాక్టర్లు సమ్మెకు దిగారు.

ఆ మరుసటి ఏడాది మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఒక స్థానిక నాటు వైద్యుడు పంచిన కరోనా మందు కోసం జనం వేలల్లో బారులు తీరారు. ఆసుపత్రుల్లో పడకలు దొరకని రోజులవి, వాళ్ల ఆశను తప్పుపట్టలేం. పంపిణీ ఆపి, నమూనాలు పరీక్షించి, నెల చివరికి కంటి చుక్కలు మినహా కొన్ని మందులకు ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. హాని కనిపించలేదన్నారు, కరోనాను నయం చేస్తుందని మాత్రం అనలేదు. క్యూలో నిలబడ్డవాళ్లు చాలామంది ఆ రెండు మాటలనూ ఒకటిగానే విన్నారు. మందు తీసుకున్నవాళ్లనూ తీసుకోనివాళ్లనూ వరసగా నమోదు చేసి నెలరోజులు గమనించి ఉంటే, అది పనిచేసిందో లేదో చెప్పడానికి ఈరోజు మన చేతిలో నమ్మదగిన లెక్క ఉండేది.