సువార్త గీతం, సమ్మె గీతం: ఒక బాణీ కథ

మతగీతం అనగానే మన విమర్శలో ఒక తేలికైన తీర్పు సిద్ధంగా ఉంటుంది. అది ప్రజల్ని జోకొట్టే పాట, దాని గురించి అభ్యుదయ రచయిత తెలుసుకోవలసిందేమీ లేదు అని. మార్క్స్ 1844లో మతాన్ని నల్లమందుతో పోల్చిన సంగతి అందరికీ కంఠస్థమే. అయితే బాధపడేవాడి మూలుగూ, ఆ బాధ మీద అతని నిరసనా కూడా మతంలో ఉన్నాయని ఆయన అక్కడే చెప్పిన సంగతి అంతగా ప్రచారంలో లేదు. ఈ రెండో సగాన్ని వదిలేస్తే పాటల చరిత్ర మనకు అర్థం కాదు. పంతొమ్మిదో శతాబ్దపు అమెరికాలో పుట్టిన ప్రొటెస్టెంట్ సువార్త గీతాల చరిత్రే ఇందుకు ఉదాహరణ.

అంతకుముందు ఇంగ్లీషులో స్తుతిగీతాలు లేక కాదు. ఐజాక్ వాట్స్ (1674–1748), వేలకొద్దీ పాటలు రాసిన చార్లెస్ వెస్లీ (1707–1788) ఈ రంగంలో పెద్దలు. వారివి చదువుకున్నవారి రచనలు. ఒక్కొక్క చరణంలో ఒక్కొక్క సిద్ధాంతాన్ని నిలబెడతాయి. సువార్త గీతం అలాంటిది కాదు. ఆరుబయట జరిగే శిబిర సభల్లో, ఆదివారపు బడుల్లో, నగరాల్లోని పెద్ద హాళ్ళలో అది పెరిగింది. మాటలు తేలిక, చరణాలు చిన్నవి, ప్రతి చరణం తర్వాత పల్లవి. చరణం రానివాడు కూడా పల్లవి అందుకోగలడు. పుస్తకం లేనివాడూ, చదువు రానివాడూ రెండోసారికే గొంతు కలుపుతాడు. మన భజనలో జరిగేది ఇదే గదా! ఈ రూపానికి ఉన్న బలమంతా ఆ పల్లవిలోనే ఉంది.

ఈ పాట విస్తరించిన కాలాన్ని గమనించాలి. 1861–65 అంతర్యుద్ధం ముగిసింది. ఫ్యాక్టరీలూ రైల్వేలూ పెరిగాయి. 1873లో ఆర్థిక సంక్షోభం వచ్చి లక్షలాదిమందిని వీధిన పడేసింది. సరిగ్గా ఆ ఏడే డి. ఎల్. మూడీ అనే ప్రసంగీకుడు, అయిరా శాంకీ అనే గాయకుడు బ్రిటన్ వెళ్ళి రెండేళ్ళపాటు సభలు నడిపారు. శాంకీ చిన్న ఆర్గన్ ముందు కూర్చుని పాడుతుంటే వేలమంది విన్నారు. అప్పుడు చిన్న కరపత్రంగా వెలువడిన అతని పాటల పుస్తకం 1903 నాటికి 1,200 పాటల సంపుటమయింది. ఈ సభల వెనుక ఎవరున్నారు? 1875లో ఫిలడెల్ఫియా సభలకు పాత రైల్వే గోదామును సమకూర్చినవాడు వస్త్రవ్యాపారి జాన్ వనమేకర్. చికాగోలో మూడీకి అండగా నిలిచినవారిలో కోతయంత్రాల యజమానులైన మెకార్మిక్ కుటుంబంవారున్నారు. 1886 మే నెలలో ఆ మెకార్మిక్ ఫ్యాక్టరీ దగ్గరే పోలీసులు సమ్మె కార్మికుల మీద కాల్పులు జరిపారు. మర్నాడే హేమార్కెట్ ఘటన. మూడీ చికాగోలో తన సువార్త శిక్షణ సంస్థకు పునాది వేసిందీ 1886లోనే. పాలకవర్గాలు ఈ పాటలో ఏం ఆశించాయో ఇంతకంటే వివరించనక్కరలేదు.

అయితే పాటను పోషించినవారి చరిత్ర వేరు, రాసినవారి చరిత్ర వేరు. మన విమర్శ ఇక్కడే పొరపడుతుంది.

ఫానీ క్రాస్బీని చూడండి. 1820లో న్యూయార్కు రాష్ట్రంలో పుట్టింది. ఆరువారాల పసికందుగా ఉన్నప్పుడే చూపుపోయింది. అంధుల పాఠశాలలో చదివి, అక్కడే ఉపాధ్యాయిని అయింది. 1864 నుంచి పాటల పుస్తకాలు వేసే ప్రచురణకర్తలకు వారానికి ఇన్ని చొప్పున పాటలు రాసింది. మొత్తం ఎనిమిది వేల పైచిలుకు. పాటకు ఆమెకు ముట్టింది ఒకటి రెండు డాలర్లు. హక్కులు ప్రచురణకర్తవి. ఒకే పుస్తకంలో ఒకే మనిషి పేరు అన్నిసార్లు కనిపించకూడదని దాదాపు రెండు వందల మారుపేర్లతో అచ్చువేశారు. 'బ్లెస్డ్ అష్యూరెన్స్' (1873) వంటి పాటలు ఖండాలు దాటాయి. ఆమె మాత్రం న్యూయార్కు పేదవాడల అద్దెగదుల్లో కాపురముంటూ, తాగుబోతులకూ నిరాశ్రయులకూ నడిపే సేవాకేంద్రాల్లో పనిచేసింది. తన పేదరికాన్ని ఆమె ఫిర్యాదుగా చెప్పుకోలేదు, నిజమే. కాని మనం ఆమెను భక్తురాలనో, ప్రతిభావంతురాలనో అని ఊరుకుంటే చాలదు. ఆమె రేటు కట్టి పాటలు రాసిన సాహిత్య శ్రామికురాలు కూడా.

ఫిలిప్ బ్లిస్ 1838లో పెన్సిల్వేనియాలో పేదయింట పుట్టి, పదకొండో ఏటనుంచే పొలాల్లో, కలప కోసేచోట్ల కూలిపనికి వెళ్ళినవాడు. 1864 అక్టోబరులో జార్జియాలోని అలటూనా కనుమ దగ్గర జరిగిన పోరులో, సహాయం వస్తోంది, కోట వదలవద్దని జనరల్ షెర్మన్ జెండా సంకేతాలతో కబురు పంపిన కథను అతను 1870లో ఒక సభలో విన్నాడు. దాన్నే 'హోల్డ్ ద ఫోర్ట్' అనే పాటగా కట్టాడు. 1876 డిసెంబరు 29న ఒహాయోలోని ఆష్టబ్యులా దగ్గర వంతెన కూలి రైలు పడిపోయినప్పుడు భార్యతోసహా చనిపోయాడు. అప్పటికి అతనికి 38 ఏళ్ళు. ఆ పాట మాత్రం బతికింది. బానిసత్వం మీద జరిగిన యుద్ధంలో పుట్టిన కథ భక్తిగీతమయింది. ఆ భక్తిగీతాన్ని 'నైట్స్ ఆఫ్ లేబర్' సభ్యులు సంఘగీతంగా మార్చుకున్నారు. ఆ తర్వాత బ్రిటిష్ రవాణా కార్మికులు సమ్మెల్లో పాడారు. కోట, శత్రువు, వస్తున్న సహాయం అనే ప్రతీకలు అలాగే ఉన్నాయి. వాటి అర్థం మారింది.

1905లో చికాగోలో పుట్టిన ఐ.డబ్ల్యూ.డబ్ల్యూ. కార్మికసంఘం ఈ పనిని పద్ధతిగా చేసింది. వీధుల్లో సంఘ వక్తలు మాట్లాడుతుంటే సాల్వేషన్ ఆర్మీ బ్యాండు వాయించి మాట వినపడకుండా చేసేది. కార్మికులు ఆ వరసలకే తమ మాటలు కట్టి పాడారు. 1909 నుంచి వెలువడిన ఎర్ర అట్ట పాటల పుస్తకంలో ఇవి చాలా కనిపిస్తాయి. స్వీడన్ నుంచి వలసవచ్చిన జో హిల్, 1868 నాటి 'స్వీట్ బై అండ్ బై' వరసకు 1911లో 'ది ప్రీచర్ అండ్ ది స్లేవ్' రాశాడు. చచ్చాక పరలోకంలో కడుపు నిండుతుందనే బోధను అందులో ఎండగట్టాడు. ఎవరి బాణీతో ఎవరినన్నాడో విన్నవాడికి వెంటనే తెలుస్తుంది. పేరడీ బలమంతా శ్రోతకు మూలం కంఠతా వచ్చి ఉండటంలో ఉంది. 1915 ఫిబ్రవరిలో క్రాస్బీ మరణించింది. అదే ఏడు నవంబరు 19న యూటా రాష్ట్రంలో జో హిల్‌ను కాల్చి చంపి మరణశిక్ష అమలు చేశారు. ఇద్దరూ ఒకే ప్రజల గొంతు కోసం రాశారని అంటే ఇద్దరి అభిమానులకూ కోపం రావచ్చు. నాకది నిజమనిపిస్తుంది.

కాని పేరడీ ఒక్కటే దారి కాదు. చార్లెస్ ఆల్బర్ట్ టిండ్లీ 1851లో మేరీలాండ్‌లో పుట్టాడు. తండ్రి బానిస, తల్లి స్వతంత్రురాలు. సొంతంగా అక్షరాలు నేర్చుకుని, ఫిలడెల్ఫియాలో ఇటుకలూ సున్నమూ మోసి, తాను ఊడ్చి శుభ్రంచేసిన చర్చికే 1902లో పాస్టరయ్యాడు. ఇరవయ్యో శతాబ్దారంభపు అతని గీతం 'ఐ విల్ ఓవర్‌కమ్ సమ్ డే'లోని మాట, అంతకంటే పాతదైన నీగ్రో భక్తిగీతపు వరస కలిసి జనంలో తిరిగాయి. 1945–46లో సౌత్ కరోలినాలోని చార్లెస్టన్ సిగార్ ఫ్యాక్టరీ సమ్మెలో నల్లజాతి స్త్రీ కార్మికులు దాన్ని పికెటింగులో పాడారు. అక్కడ 'నేను' 'మేము'గా మారింది. వారినుంచి టెనెసీలోని హైలాండర్ పాఠశాలకు, అక్కడినుంచి 1960లో విద్యార్థుల ఉద్యమానికి చేరి 'వుయ్ షల్ ఓవర్‌కమ్' అయింది. ఇందులో పరలోకాన్ని వెక్కిరించలేదు, బాణీని వికృతం చేయలేదు. ఒక్క సర్వనామం మారింది. వ్యక్తి మోక్షం సమష్టి విజయమైంది. ఆ పాటమీద 1960ల్లో నమోదైన కాపీరైటు 2018లో తొలగి, అది అందరి సొత్తయింది. అంతకుముందు వచ్చిన రాయల్టీని నల్లజాతి ఉద్యమాలకు ఉపయోగపడే నిధికి ఇచ్చారు. క్రాస్బీ కాలపు ప్రచురణకర్తల పద్ధతికీ దీనికీ ఎంత తేడా!

ఈ కథలో మనకు సంబంధించిన పేజీ కూడా ఒకటుంది. ఆ దశాబ్దాల్లోనే అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఒంగోలు ప్రాంతంలో పనిచేసింది. ధాత కరువు వెన్నంటి, 1878 జూలై 3న ఒక్కరోజునే 2,222 మంది గుండ్లకమ్మ ఒడ్డున బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు. గుడిలో గొంతెత్తే హక్కులేని ఆ జనం చేతికి పాట వచ్చింది. పాశ్చాత్య వరసలకు అనువాదాలూ, పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటివారు రాగతాళాలతో కట్టిన తెలుగు కీర్తనలూ పక్కపక్కనే నిలిచాయి. అన్నమయ్య, త్యాగయ్యల కీర్తనల్ని మతగీతాలైనా సాహిత్యంగా చదివే మనం, పల్లెల్లో నూరేళ్ళకు పైగా పాడుతున్న ఈ కీర్తనలకు సాహిత్య చరిత్రలో ఎంత చోటిచ్చాం? దీనికి కారణం నాస్తికత్వమేనా, కులం కూడానా?

బాణీల విషయంలో మన ఉద్యమం ఎప్పుడూ ఇంత మడికట్టుకోలేదు. నాజర్ చేతిలో బుర్రకథ, సుద్దాల హనుమంతు చేతిలో గొల్లసుద్దులు కొత్త వస్తువును మోశాయి. రూపం పుట్టిన చోటును చూసి వారు దాన్ని వెలివేయలేదు. జనం నోట ఏది ఆడుతోందో చూశారు. విమర్శకుడు చేయవలసిన పనీ అదే. ఒక పాట ఎవరి డబ్బుతో అచ్చయిందో అడగాలి. రాసినవాడికి ఎంత ముట్టిందో అడగాలి. పాడినవారు దానితో ఏం చేశారో కూడా అడగాలి. మొదటి ప్రశ్నతోనే తీర్పు రాసి లేచిపోయేవాడికి చార్లెస్టన్ స్త్రీలు చేసిన సాహిత్య సృష్టి కనిపించదు.