నోటీసు ఎవరి పేరున?

భద్రాచలంలో పెచ్చులూడిన గోడ కనబడితే ఇంటివాళ్లు బద్ధకస్తులని అనుకోకండి. దాని వెనక గోదావరైనా ఉంటుంది, 1/70 భూచట్టమైనా ఉంటుంది.

గోదావరి సంగతి తెలిసిందే. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3. మొదటి ప్రమాద హెచ్చరిక 43 అడుగులకే ఇస్తారు, మిగతాది మీరే ఊహించుకోండి. వరద తీశాక ఒండ్రు కడిగి సున్నం కొట్టినా పునాదిలో చెమ్మ పోదు.

ఏజెన్సీ పల్లెల్లో గోడల బాగోగులకు ఏ చట్టమూ అక్కర్లేకపోయింది. కోయల పాత ఇళ్లు వెదురు తడికెల మీద మట్టి మెత్తినవి. వానలు వెనకబట్టాక పగుళ్లలో మట్టి కూరి, ఎర్రమట్టితో అలుకుతారు. చెయ్యి బాగా అందినంత మేర నున్నగా ఉంటుంది, ఆపైన వేళ్ల చారలు కనిపిస్తాయి.

తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం తర్వాత పాడుబడ్డ ఇళ్ల సంగతి సర్కారు కార్యక్రమంలోకి ఎక్కింది. 2019 సెప్టెంబర్ 6న 30 రోజుల ప్రణాళిక మొదలైంది, అదే పల్లె ప్రగతి అయింది. పాడుబడ్డ ఇళ్లు కూల్చాలి, శిథిలాలు ఎత్తాలి, వాడని బావులు పూడ్చాలి, పిచ్చిచెట్లు కొట్టాలన్నారు. పాముల బెడద ఉన్న మాలాంటి చోట్ల ఇది మంచి పనే, కాదనను.

చిక్కల్లా ఇల్లు కూల్చమనే నోటీసు ఎవరికివ్వాలన్నదే. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలకు 1970లో చేసిన సవరణే 1/70. దాని ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుడు తన భూమిని మరో గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు. 1988లో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. అది లేకపోతే అడవి అంచున గిరిజనుడికి సెంటు భూమి మిగిలేది కాదు. అయినా తెల్లకాగితాల మీద అమ్మకాలు ఆగలేదు. రిజిస్ట్రేషన్ ఉండదు, బ్యాంకు అప్పు పుట్టదు. కొన్నవాడు మరమ్మతుకు వెనకాడతాడు, అమ్మినవాడు ఇటు తొంగిచూడడు. ఇంటిపన్ను రసీదు ఎప్పుడో పోయిన పెద్దాయన పేరునే వస్తుంటుంది.

కాగితం లేదని కొందరు ఇంటికి సున్నం కూడా వేయించరు. అదే వీధిలో ఇంకొందరు అనుమతి ఊసు లేకుండా అంతస్తుల మీద అంతస్తులు లేపుతారు. 2025 మార్చిలో పట్టణంలో కడుతూ ఉండగానే ఒక బహుళ అంతస్తుల భవనం కూలి, కూలికొచ్చిన పనివాళ్లు చనిపోయారు. పాడుబడ్డ ఇళ్ల జాబితాలో అలాంటి భవనాలకు చోటుండదు, అవి కొత్తవి కదా.