ఓరియూరు వేదసాక్షి

రామేశ్వరయాత్ర చేసివచ్చిన తెలుగువారికి రామనాథపురము పరిచితమే. సేతుపతి బిరుదాంకితులైన మఱవ ప్రభువు లేలిన ఆ సీమలో, పాంబారు నదీతీరమున, ఓరియూరను పల్లె యొకటి కలదు. 1693 ఫిబ్రవరి 4వ తేదీన అచ్చట శిరశ్ఛేదము నొందిన పోర్చుగీసు గురువును కతోలికులు పునీత జాన్ డి బ్రిట్టో యని స్మరింతురు. తమిళులు అరుళానందస్వామి యని కొలుతురు. ఆయనను చంపించినవాడు మఱవ ప్రభువు. రోమునగరము ఆయనకు ధన్యత నొసగుటకు మునుపు నూటయఱువది సంవత్సరములు ఆయన స్మృతిని నిలిపినవారును ఆ మఱవసీమ ప్రజలే.

బ్రిట్టో 1647లో లిస్బను నగరమున ప్రభువంశమున జనించెను. తండ్రి బ్రెజిలులో రాజోద్యోగియై యుండి అచ్చటనే మరణించెను. రాజకుమారుడగు పేద్రోకు సహచరుడై రాజనగరున పెరుగుచుండిన ఈ బాలుడు ప్రాణాపాయకరమైన జబ్బున పడగా, తల్లి పునీత ఫ్రాన్సిస్ జేవియరునకు మ్రొక్కుకొని, బిడ్డ కోలుకొనిన పిమ్మట ఏడాదిపాటు యేసుసభవారి అంగీని తొడిగించెను. మ్రొక్కుబడిగా తొడిగిన ఆ అంగీని ఆతడు 1662లో తన యిచ్ఛ చేతనే ధరించి యేసుసభలో చేరెను. గురుపట్టము పొంది, తల్లి యెంత వారించినను నిలువక, 1673లో గోవాకు ఓడ యెక్కెను.

ఆయన వచ్చి చేరిన మధుర మిషనునకు మార్గము వేసినవాడు ఇటలీ దేశీయుడగు రాబర్టు డి నొబిలీ. మధురను తెలుగు నాయకరాజులు ఏలుచుండిన కాలమది. నొబిలీ తమిళ సంస్కృతములతోపాటు తెలుగును సైతము నేర్చి, మద్యమాంసములు గల పరంగుల నడవడిని పూర్తిగా విసర్జించి, సన్న్యాసివలె జీవించెను. ఆయన పద్ధతి అగ్రకులములకే సరిపోవుటచే, ఇతర కులములవారి నడుమ తిరుగుటకై పండారస్వాముల వేషమును తరువాతి గురువులు స్వీకరించిరి. బ్రిట్టోయు ఆ మార్గముననే కావివస్త్రములు కట్టి, శాకాహారియై, ఊరూర కాలినడకన సంచరించి ఉపదేశించెను.

1686లో మఱవసీమ యధికారులు ఆయనను పట్టి చిత్రహింసలు పెట్టి మరణదండన విధించిరి. కాని సేతుపతి ఆయనను విడిపించి, తన రాజ్యమున మరల బోధింపరాదని ఆజ్ఞాపించెను. మిషను పనిమీద బ్రిట్టో లిస్బను వెళ్లగా, అప్పటికి రాజైయున్న బాల్యమిత్రుడు పేద్రో ఆయనను తన యొద్దనే నిలుపుకొన జూచెను. రాజాశ్రయమును కాదని ఆయన 1690లో తిరిగివచ్చి, నిషేధింపబడిన సీమలోనే అడుగిడెను.

అక్కడ తడియ దేవుడను మఱవ రాజకుమారుడు, రాజ్యమునకు హక్కుదారునిగా గణింపబడువాడు, జబ్బునుండి కోలుకొని క్రైస్తవము నవలంబింప నిశ్చయించెను. ఒక్క భార్యను మాత్రమే ఉంచుకొని తక్కినవారిని విడువనిదే జ్ఞానస్నానము లేదని బ్రిట్టో పట్టుపట్టగా, అతడట్లే చేసెను. విడువబడినవారిలో కడపటి భార్య కడలై సేతుపతికి దగ్గరి బంధువు. పునీతుని చరిత్ర వ్రాసినవారు పెక్కుమంది ఆమెను పగబట్టిన స్త్రీగానే చిత్రించిరి. తన ప్రమేయమేమియు లేకయే మగని యిల్లు కోల్పోయిన యువతి తన బంధువైన ప్రభువుతో మొఱపెట్టుకొనుటలో వింత యేమున్నది? గురువునకు ధర్మమైనది ఆమెకు అన్యాయమైనది. ఈ కుటుంబకలహమునకు, ఎదురు హక్కుదారుని చుట్టును జనము చేరుచున్నదన్న రాజ్యభయము తోడుకాగా, కిళవన్ సేతుపతి 1693 జనవరిలో బ్రిట్టోను పట్టించెను.

రామనాథపురమున చంపించిన అలజడి పుట్టునేమోయని శంకించి, దేశబహిష్కారమను నెపమున ఆయనను ఓరియూరునకు, తన సోదరుని చేతికి, పంపెను. చెఱలో సిరా లేకపోవుటచే బ్రిట్టో బొగ్గును నీట కలిపి తన మిషను పెద్దకు తుదిలేఖ వ్రాసెను. మరునాడు విభూది బుధవారము. తలవరి ఆయన మెడలో వ్రేలాడు పేటికను మంత్రించిన తాయెత్తని భ్రమించి, చేత ముట్టుటకు జంకి, దానిని కత్తితోనే కోసివేసి, పిదప శిరస్సును ఖండించెనని చెప్పుదురు.

ఆయన రక్తము చిందుటచేతనే అచ్చటి ఇసుక ఎఱ్ఱనైనదని ప్రజల విశ్వాసము. ఆ ఇసుకను యాత్రికులు ఇండ్లకు కొనిపోవుదురు. క్రైస్తవేతరులగు గ్రామీణులును వచ్చి మ్రొక్కుబళ్లు చెల్లింతురు. రోములో మాత్రము విచారణ మందగించెను. హైందవాచారములను పోలిన వేషమును, కట్టుబాట్లను పాటించినవాడు వేదసాక్షి యగునాయను ఆక్షేపణ పుట్టగా, అది అభ్యంతరము కాదని 14వ బెనెడిక్టు పాపుగారు 1741లో నిర్ణయించిరి. ఇంతలో 1773లో యేసుసభయే రద్దయి, 1814లో గాని పునరుద్ధరింపబడలేదు. 1853లో 9వ పయసు పాపుగారు బ్రిట్టోను ధన్యునిగను, 1947లో 12వ పయసు పాపుగారు పునీతునిగను ప్రకటించిరి.

తెలుగు కతోలికులకు ఈ చరిత్ర పరాయిది కాదు. 18వ శతాబ్ది ఆరంభమున ఫ్రెంచి యేసుసభ గురువులు తెలుగుసీమలో అడుగిడినప్పుడు అనుసరించినది మధుర మిషనువారి సన్న్యాసిమార్గమునే. అందుచే ఈ కథను మంచి గురువు, చెడ్డ రాజు అను రెండు ముక్కలలో ముగించుట మనకు తగదు. స్వదేశపు రాజాశ్రయమును వదలుకొని మాట తప్పక మరణించిన బ్రిట్టో నిస్సంశయముగా మహనీయుడు. కాని రాజ్యభయమును, కడలై మొఱను విడిచి వ్రాసిన చరిత్ర స్తోత్రమగునే కాని చరిత్ర కాదు. ఇకముందు ఓరియూరును గూర్చి వ్రాయువారు ఆమె పక్షమునకును నాలుగు పంక్తుల చోటీయవలెను.