దొంగ చీటీ, బతికున్న గుడ్లగూబ

మూఢనమ్మకాల మీద సభ పెట్టినప్పుడల్లా ఎవరో ఒకరు లేచి అడుగుతారు. "మీరు మాత్రం సైన్సు పుస్తకాల్ని నమ్మడం లేదా? వాటిని రాసిందీ మనుషులే కదా, వాళ్ళు అబద్ధాలు చెప్పరా?" అని. చెబుతారండీ. పెద్ద పేరున్నవాళ్ళు కూడా చెబుతారు. ఈ ప్రశ్నకి సిద్ధాంతాలతో జవాబివ్వడం మానేసి ఈమధ్య నేనొక గుడ్లగూబ కథ చెబుతున్నాను.

మనకి ఉత్తరాన, సాత్పురా కొండల టేకు అడవుల్లో ఉంటుందది. ఇంగ్లీషులో ఫారెస్ట్ ఔలెట్ అంటారు, మనం అడవి గుడ్లగూబ అనుకుందాం. పొడవు సుమారు 23 సెంటీమీటర్లు. మన ఊళ్ళలో పాత గోడల కంతల్లో, చింతచెట్ల తొర్రల్లో కాపురముండే చిన్న గుడ్లగూబకి దగ్గర చుట్టం. ఊరి గుడ్లగూబ తలమీద తెల్లచుక్కలు దట్టంగా ఉంటాయి, దీని తల దాదాపు సాదాగా ఉంటుంది. తల పెద్దది, గోళ్ళు బలమైనవి. పైగా ఇది పగలే తిరుగుతుంది, పట్టపగలు బల్లుల్నీ ఎలుకల్నీ వేటాడుతుంది. గుడ్లగూబ అంటే చీకటి పిట్ట అనుకునే మనకి ఇదే మొదటి దెబ్బ.

1872 డిసెంబరులో ఎఫ్. ఆర్. బ్లూయిట్ అనే అధికారి నేటి ఛత్తీస్‌గఢ్ తూర్పు ప్రాంతంలో దీన్ని కాల్చి చర్మాన్ని ఎ. ఓ. హ్యూమ్‌కి పంపాడు. అవును, 1885లో కాంగ్రెసు పార్టీని స్థాపించిన ఆ హ్యూమే. 1873లో తన సొంత పత్రిక స్ట్రే ఫెదర్స్‌లో ఈ పక్షిని వర్ణించి, బ్లూయిట్ పేరు కలిపి హెటిరోగ్లాక్స్ బ్లూయిటి అన్నాడు. (పక్షి ఈకల దగ్గర ఇంత నిక్కచ్చిగా ఉన్న మనిషి, 1880లో సిమ్లాలో తన భార్య పోగొట్టుకున్న నగని బ్లావట్‌స్కీ "మహిమ"తో రప్పించిందని నమ్మి కొన్నేళ్ళు థియోసఫీ వెంట తిరిగాడు. తరవాత వాళ్ళతో చెడింది. ఒక విషయంలో చురుకైన బుర్ర ఇంకో విషయంలో నిద్రపోగలదు, మనవాళ్ళు గుర్తుంచుకోవాలి.)

ఆ తరవాత భూగర్భ శాస్త్రజ్ఞుడు వాలెంటైన్ బాల్ 1877లో ఒరిస్సా ఖరియార్ వైపు ఇంకొక దాన్ని పట్టాడు. ఖాందేశ్‌లో పనిచేసిన జేమ్స్ డేవిడ్‌సన్ 1880ల మొదట్లో షహాదా, తలోదా చుట్టుపక్కల మరికొన్ని సేకరించాడు. 1884 దాకా మొత్తం ఏడు. అంతే. ఆపైన ఎవరికీ కనబడలేదు.

ఎవరికీ అంటే, ఒక్కరికి తప్ప. కల్నల్ రిచర్డ్ మైనర్ట్స్‌హాగెన్. 1914లో గుజరాత్‌లో, తపతి ఒడ్డునున్న మాండ్వి దగ్గర ఒకటి కాల్చానన్నాడు. చీటీ కట్టిన చర్మం చూపించాడు. సైనికుడు, గూఢచారి, పక్షిశాస్త్రంలో పెద్ద మనిషి. 1937లో మన సలీం అలీతో కలిసి అఫ్ఘనిస్తాన్ పక్షుల సర్వే చేసినవాడు. అంతటివాడు చెప్పాక ఎవరు కాదంటారు? పుస్తకాలన్నీ ఈ పక్షి చివరిసారి 1914లో కనిపించిందని రాసుకున్నాయి. 1970లలో సలీం అలీ, అమెరికన్ పక్షి శాస్త్రవేత్త డిల్లన్ రిప్లీ దీనికోసం వెదికారు, దొరకలేదు. నడుమ నడుమ ఫోటోలు వచ్చేవి, తీరా చూస్తే ఊరి గుడ్లగూబ. ఇక అంతరించిపోయిందనే చాలామంది అనుకున్నారు.

1990లలో పమేలా రాస్ముసెన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త దక్షిణాసియా పక్షుల మీద ఒక పెద్ద గ్రంథం పని పెట్టుకుంది (అది 2005లో వచ్చింది). అందుకోసం మ్యూజియం నమూనాలు తిరగేస్తుంటే మైనర్ట్స్‌హాగెన్ పక్షులు కొన్ని తేడాగా కనిపించాయి. 1993లోనే అలాన్ నాక్స్ ఇంకో జాతి పిట్టల విషయంలో ఆయన మోసాన్ని బయటపెట్టి ఉన్నాడు. ఆమె ఈ గుడ్లగూబనీ బల్లమీద పెట్టింది.

పక్షి చర్మం ఒలిచి, దూది కూరి, కుట్టడంలో ఒక్కొక్కరిది ఒక్కో చేతివాటం. రాస్ముసెన్, నైజెల్ కాలర్ కలిసి దాన్ని ఎక్స్‌రే తీసి, కుట్లు, లోపలి కూర్పు పరిశీలించారు. అది మైనర్ట్స్‌హాగెన్ పనితనం కాదు, డేవిడ్‌సన్‌ది! బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న డేవిడ్‌సన్ పక్షిని ఈయన దొంగిలించి, విప్పి, మళ్ళీ కూరి, కొత్త చీటీ కట్టాడు. చేతివాటం అన్న మాటకి తెలుగులో ఉన్న రెండర్థాలూ ఇక్కడ సరిపోయాయి. వాళ్ళ వ్యాసం 1999లో ఐబిస్ పత్రికలో వచ్చింది.

అయితే అంతకన్నా ముందే ఆమె ఒక పని చేసింది. ఆ 1914 చీటీని చెత్తబుట్టలో వేసేసి, మిగిలిన నిజమైన చీటీల్లో ఏ ఊళ్ళ పేర్లున్నాయో ఆ ఊళ్ళే పట్టుకుంది. 1997 నవంబరులో బెన్ కింగ్, డేవిడ్ అబ్బాట్‌లతో కలిసి వచ్చి ముందు తూర్పువైపు చోట్లు వెదికింది. లాభం లేకపోయింది. తరవాత మహారాష్ట్రలో షహాదా దగ్గరికి పోయారు. నవంబరు 25 ఉదయం, ఆకులు లేని చెట్టుమీద, తెల్లని ఎండలో కూర్చుని ఉంది. 113 ఏళ్ళ తరవాత! వీడియో తీశారు, ఫోటోలు తీశారు. ఎవరైనా వెళ్ళి చూసుకోవచ్చు, చూసుకున్నారు కూడా.

ఇక్కడ సైన్సుకి జై కొట్టి ఊరుకోవడం నాకిష్టం లేదు. మైనర్ట్స్‌హాగెన్ మీద అనుమానం నిన్నమొన్నటిది కాదు. అనుమతి లేకుండా నమూనాలు పట్టుకుపోతున్నాడని 1919లోనే ఆయన్ని మ్యూజియం పక్షుల గదిలోకి 18 నెలలు రానివ్వలేదు. రెండుసార్లు కేసు పెట్టేదాకా వచ్చి ఆగారు. మరి 1954లో ఆయన తన 20,000 దాకా పక్షి చర్మాల్ని అదే మ్యూజియంకి కానుకగా ఇస్తే కళ్ళకద్దుకుని తీసుకున్నారు. 1967లో గౌరవాలతోనే పోయాడు. తెలిసినవాళ్ళు నోరు విప్పలేదు, పెద్దమనిషి కదా! బాబాల ఆశ్రమాల్లో మనం చూసే మౌనానికీ దీనికీ నాకు పెద్ద తేడా కనబడదు. తేడా ఎక్కడుందంటే, ఆ పక్షి సొరుగులో ఉంది. ఎవరో కాల్చారన్న మాట ఒక్కటే మిగిలి ఉంటే ఎక్స్‌రే దేనికి తీస్తారు? గాలిలోంచి తీసిన విభూతిని ఏ బాబా అయినా ఎనభై ఏళ్ళు బీరువాలో పెట్టి, వచ్చినవాళ్ళకల్లా తాళంచెవి ఇచ్చాడా?

మళ్ళీ దొరికిన తరవాత ఫరా ఇష్తియాక్, అసద్ రహ్మానీ వంటివాళ్ళు దీని జీవితాన్ని అధ్యయనం చేశారు. మేల్ఘాట్‌లో, తోరణ్‌మాళ్‌లో బయటపడింది. 2014లో ముంబాయికి దగ్గరలోని తాన్సా అడవిలో కనిపించింది. 2018లో దీన్ని అత్యంత ప్రమాద స్థితినుంచి ఒక మెట్టు దింపి ప్రమాద స్థితిలో ఉన్న జాతుల్లో చేర్చారు. అయినా పెద్దవి వెయ్యిలోపే ఉంటాయని అంచనా. ఆ ఏడాదే డిఎన్ఎ పరీక్షలు ఇంకొకటి తేల్చాయి: హ్యూమ్ అనుకున్నట్టు ఇది వేరే ప్రజాతి కాదు, ఊరి గుడ్లగూబ ఉన్న ఎథీనీ ప్రజాతిలోదే. హ్యూమ్ పెట్టిన పేరు తప్పని చెప్పినందుకు ఎవరి మనోభావాలూ దెబ్బతినలేదు.

దెబ్బతింటున్నది పిట్టలే. గుడ్లగూబ ఇంటిమీద వాలితే చావని భయపడేవాళ్ళు ఒకవైపు, దీపావళికి లక్ష్మీ కటాక్షం కోసం దాన్నే బలిచ్చేవాళ్ళు ఇంకోవైపు. 1972 వన్యప్రాణి చట్టం నిషేధించినా మన దేశంలో గుడ్లగూబల దొంగ వ్యాపారం సాగుతున్నదని ట్రాఫిక్ సంస్థ 2010లో ఒక నివేదిక వేసింది. క్షుద్రపూజలకి గోళ్ళు, ఈకలు, కళ్ళు, ఎముకలు, అన్నీ అమ్ముడుపోతాయట. కొనేవాడికి ఊరి గుడ్లగూబకీ అడవి గుడ్లగూబకీ తేడా తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ లేదు. నిజానికి పట్టేవాడికి అడవి గుడ్లగూబే తేలిక, పగలంతా మోడు కొమ్మమీద కూర్చుని కనబడుతూనే ఉంటుంది కాబట్టి.