లా చదవని లాయర్ల దేశం

హైదరాబాద్ ఐటీ ఉద్యోగుల పేట మణికొండలో బీటెక్ రెండో ఏడాది చదువుతున్న పిల్లో పిల్లాడో “నేను కంపెనీల లాయర్ని అవుతాను” అంటే, “మరి ఇంటర్ తర్వాత లా ప్రవేశపరీక్ష క్లాట్ రాయాల్సింది, ఇప్పుడు అనుకుని ఏం లాభం?” అనే ఇళ్లే ఎక్కువ. నేను స్థిరపడిన ఇంగ్లండులో ఈ ప్రశ్న రాదు. లండన్ సిటీలోని పెద్ద సొలిసిటర్ ఫర్ములు ఏటా చేర్చుకునే ట్రైనీలలో చరిత్ర, ఫిజిక్స్, ఇంజనీరింగ్, ఫ్రెంచి సాహిత్యం చదివినవాళ్లు బోలెడంతమంది ఉంటారు. ఇదేదో వెనకబడినవాళ్ల కోసం జాలిపడి తెరిచిన దొడ్డిదారి అనుకుంటారు మనవాళ్లు. నిజానికి ఇక్కడ రాజమార్గం అదే. లా డిగ్రీయే ఆలస్యంగా వచ్చి అందులో కలిసింది. ఆ చరిత్ర తెలిస్తే, లా చదవని విద్యార్థి దేనికి సిద్ధపడాలో, దేనికి అక్కర్లేదో కూడా తేలిపోతుంది.

ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయాలు కొన్ని వందల ఏళ్లు బోధించింది రోమన్ చట్టం, చర్చి చట్టం. ఇంగ్లండు కోర్టుల్లో రోజూ నడిచే చట్టాన్ని అవి పట్టించుకోలేదు. ఆక్స్‌ఫర్డ్‌లో దానికంటూ ఒక ఆచార్య పదవి ఏర్పడి, విలియం బ్లాక్‌స్టోన్ అందులో కూర్చున్నది 1758లో. అప్పటికి లాయర్లు లేరా అంటే, పుష్కలంగా ఉన్నారు. కోర్టులో వాదించే బారిస్టరు కావాలనుకున్నవాడు లింకన్స్ ఇన్, గ్రేస్ ఇన్, ఇన్నర్ టెంపుల్, మిడిల్ టెంపుల్‌లలో ఏదో ఒకదానిలో చేరి, సీనియర్లతో కలిసి భోంచేస్తూ, వాళ్ల వాదనలు వింటూ నేర్చుకునేవాడు. అటార్నీ, అంటే నేటి భాషలో సొలిసిటరు, కావాలనుకున్నవాడు 1729 చట్టం ప్రకారం ఐదేళ్లు ఒక సీనియరు దగ్గర గుమాస్తాగిరీ చేయాలి. బారిస్టర్లకు పరీక్ష తప్పనిసరి అయింది 1872లో మాత్రమే. 1888లో గాంధీ ఇన్నర్ టెంపుల్‌లో చేరింది భోజనాలూ పరీక్షా కలిసిన ఈ పద్ధతిలోకే. మన టంగుటూరి ప్రకాశం రాజమండ్రిలో సెకండ్ గ్రేడ్ ప్లీడరు. ఆ హోదాతో మద్రాసు హైకోర్టు మెట్లెక్కే వీలు లేదు. 1904లో ఇంగ్లండుకు ఓడెక్కి, 1907లో బారిస్టరై తిరిగొచ్చి, అదే హైకోర్టులో పేరు మోశారు. అంటే తెలుగువాళ్లకూ ఈ దారి కొత్త కాదు. మధ్యలో మరిచిపోయాం, అంతే.

కమర్షియల్ లా సంగతికొస్తే, దాన్ని పుస్తకాలకంటే ఎక్కువగా వర్తకులే తయారుచేశారని చెప్పాలి. 1756 నుంచి 1788 దాకా ప్రధాన న్యాయమూర్తిగా ఉన్న లార్డ్ మాన్స్‌ఫీల్డ్, వర్తకుల తగాదాలకు వర్తకులతోనే ప్రత్యేక జ్యూరీ వేసేవాడు. హుండీ ఎలా చేతులు మారుతుంది, ఓడ బీమా ఎలా రాస్తారు అన్నవి వాళ్లనడిగి తెలుసుకుని, ఆ ఆచారాలను తీర్పుల్లోకెక్కించాడు. 1766 నాటి కార్టర్ వర్సెస్ బోమ్ కేసు చూడండి. సుమత్రా దీవిలో ఈస్టిండియా కంపెనీకి మార్ల్‌బరో అనే కోట ఉండేది. శత్రువు పట్టుకుంటే నష్టం రాకుండా దాని గవర్నరు లండన్‌లో బీమా చేయించుకున్నాడు. ఫ్రెంచివాళ్లు కోటను పట్టుకోనే పట్టుకున్నారు. కోట బలహీనమన్న సంగతి దాచాడు కాబట్టి డబ్బివ్వను పొమ్మన్నాడు బీమా రాసినవాడు. అలాంటి వలస కోట పరిస్థితి, ఫ్రాన్సుతో యుద్ధం నడుస్తున్న సంగతి బీమా వ్యాపారికి తెలియవంటే ఎలా, తెలిసే ప్రీమియం పుచ్చుకున్నావు కదా అని మాన్స్‌ఫీల్డ్ గవర్నరు పక్షాన తీర్పిచ్చాడు. బీమాలో ఇరుపక్షాలూ నిజం దాచకూడదన్న సూత్రానికి నేటికీ మొదట చెప్పుకునేది ఈ కేసునే. చట్టం ఎంత తెలిసినా వ్యాపారం తెలియనివాడు ఆ తీర్పు రాయలేడు. దీనికి తలకిందులైన ఉదాహరణా ఉంది. 1890ల మొదట్లో ఓడ సరుకు నష్టం ఎవరు ఎంత భరించాలన్న కేసు, వర్తక వ్యవహారాల్లో ఓనమాలు రాని ఒక జడ్జి చేతిలో పడి నెలల తరబడి నలిగింది. సిటీ వర్తకులకు ఒళ్లు మండింది. ఆ గొడవ ఫలితంగానే 1895లో వ్యాపార తగాదాలకు వేరే జాబితా పెట్టి, ఆ లావాదేవీలు తెలిసిన జస్టిస్ మాథ్యూకు అప్పగించారు. నేటి కమర్షియల్ కోర్టుకు పునాది అదే.

ఇదంతా కులీనుల వైభోగం కాదా, మనకెందుకు అనవచ్చు. చాలావరకు నిజమే. “ఏ డిగ్రీ అయినా సరే” అన్న మాటకు చాలాకాలం “మంచి కుటుంబం నుంచి వస్తే చాలు” అనే అర్థం. గుమాస్తాగా చేరడానికి తండ్రి సీనియరుకు ఎదురు డబ్బు కట్టేవాడు. ఆడవాళ్లకు 1919 చట్టం వచ్చేదాకా ప్రవేశమే లేదు. 1971లో, న్యాయవిద్యను పరిశీలించిన ఆర్మ్‌రాడ్ కమిటీ ఈ వృత్తి పట్టభద్రులదిగా ఉండాలన్నాక, లా చదవనివాళ్లకు ఏడాది మార్పిడి కోర్సు స్థిరపడింది. 2021లో సొలిసిటర్లకు అర్హత పరీక్షగా వచ్చిన ఎస్‌క్యూఈ ఆ కోర్సు తప్పనిసరన్న నిబంధననూ ఎత్తేసింది. ఇప్పుడు కావలసింది ఏదో ఒక డిగ్రీ, రెండు దశల పరీక్ష, రెండేళ్ల అనుభవం, నడవడిక బాగుండటం. మొదటి దశలో 360 ఆబ్జెక్టివ్ ప్రశ్నలుంటాయి. 2021 నవంబర్లో తొలిసారి రాసినవాళ్లలో గట్టెక్కింది 53 శాతమే. మొత్తం ఫీజు నాలుగున్నర వేల పౌండ్లు దాటుతుంది. తలుపు వెడల్పయింది గానీ గడప తగ్గలేదు.

మరి సిద్ధపడటమంటే ఏమిటి? డిగ్రీ మధ్యలోనే చట్టం పుస్తకాలు బట్టీ పట్టడం కాదు. ఆ పని పరీక్ష ముందు ఎలాగూ తప్పదు. తనకు తెలిసిన ఒక వ్యాపారాన్ని ఒప్పందం రాసేవాడి కళ్లతో చూడటం అలవాటు చేసుకోవాలి. మణికొండ ఫ్లాట్లలో ఉండేవాళ్లకు ఎస్‌ఎల్‌ఏ (సేవా స్థాయి ఒప్పందం) అంటే ఏమిటో వివరించనక్కర్లేదు. సర్వరు నెలకు 99.9 శాతం నడవాలని రాసుకున్నారంటే, ముప్ఫై రోజుల నెలలో దాదాపు 43 నిమిషాలు ఆగినా ఒప్పందం ప్రకారం తప్పు కాదు. ముందే చెప్పి చేసే మెయింటెనెన్స్ ఆ 43 నిమిషాల్లోకి వస్తుందా, గంటలు ఎవరి గడియారం ప్రకారం లెక్కిస్తారు, పరిమితి దాటితే కోసే సొమ్ము నష్టపరిహారమా, శిక్షా? ఇంగ్లండులో చివరి ప్రశ్న మీదే 2015లో సుప్రీంకోర్టు మక్డెసీ కేసులో పెద్ద తీర్పిచ్చింది. మన దగ్గర ఇదే ప్రశ్నకు 1872 కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ఉంది. మొదటి రెండు ప్రశ్నలు బీటెక్ చదివినవాడికి తట్టినంత వేగంగా లా పట్టభద్రుడికి తట్టవు. ఇంకా దగ్గరి ఉదాహరణ మణికొండ నేలే. హుస్సేన్ షా వలీ దర్గా పేరుతో నడిచిన వివాదంలో 1654 ఎకరాల 32 గుంటలు వక్ఫ్ బోర్డువి కావు, ప్రభుత్వానివని 2022 ఫిబ్రవరిలో భారత సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తగవు ముడి విప్పాలంటే నిజాం జాగీర్లు, వాటి రద్దు, రెవెన్యూ దస్త్రాలు తెలియాలి. అక్కడ బీఏ హిస్టరీ చదివినవాడి విలువ ఎంతో లెక్కేసుకోండి.

మూడేళ్లు చట్టమే చదివినవాడికి ముందంజ ఉండదా? మొదటి ఏడాది తప్పకుండా ఉంటుంది. తర్వాత తేడా కరిగిపోతుందని జొనాథన్ సంప్షన్‌ను చూస్తే తెలుస్తుంది. చరిత్ర చదివి, ఆక్స్‌ఫర్డ్‌లో మధ్యయుగ చరిత్ర చెప్పి, తర్వాత బారిస్టరై, కింది కోర్టులో పూర్తికాలపు జడ్జిగా పనిచేయకుండానే 2012లో బ్రిటన్ సుప్రీంకోర్టు పీఠమెక్కాడు. అందరూ సంప్షన్లు కారన్నది నిజమే. కానీ సిటీ ఫర్ములు దానధర్మాలు చేసే సంస్థలు కావు. లా చదవనివాళ్లకు పరీక్ష ఫీజూ, చదువుకునే ఏడాదికి ఖర్చులూ ఇస్తున్నాయంటే లాభం చూసుకునే ఇస్తున్నాయి. గట్టి చిక్కు వేరే ఉంది. ఇక్కడి అర్హతతో హైదరాబాద్ కోర్టులో నల్లకోటు వేసుకోలేరు. 1961 అడ్వకేట్స్ చట్టం లా డిగ్రీ అడుగుతుంది. అయితే అదే చట్టం కింద బీటెక్ తర్వాత మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి దారి ఎప్పుడూ తెరిచే ఉంది, లాసెట్ ప్రవేశపరీక్ష రాస్తే చాలు. దాన్ని చిన్నచూపు చూస్తున్నది మనమే. వీసా, ఖర్చుల భయం సబబైనదే. అందుకే స్పాన్సరు చేసే ఫర్ము చేతిలో లేకుండా అప్పుచేసి లండన్ విమానం ఎక్కొద్దంటాను. ఎస్‌క్యూఈ మొదటి దశ విదేశీ కేంద్రాల్లోనూ రాయవచ్చు. రెండేళ్ల అనుభవం కూడా ఇంగ్లండు సొలిసిటరు ధ్రువీకరిస్తే ఏ దేశంలోదైనా చెల్లుతుంది.

ఫర్ములు ట్రైనీలను రెండేళ్ల ముందే ఎంచుకుంటాయి. వెకేషన్ స్కీములకు, అంటే సెలవుల్లో కొద్ది వారాలు ఫర్ములో పనిచేసి చూపే అవకాశాలకు, దరఖాస్తు పెట్టాల్సింది ఫర్మునుబట్టి చివరి ఏడాదికి ముందటి ఏడాదిలోనో, చివరి ఏడాదిలోనో, సాధారణంగా శరదృతువులో. బీటెక్ వాళ్లకైతే అది మూడో ఏడాది మొదట్లోనే మొదలు కావచ్చు. మీ ఇంట్లో రెండో ఏడాది విద్యార్థి ఉంటే, క్లాట్ గురించి బాధపడటం మాని ఈ తేదీలు ఇప్పుడే చూసుకోమనండి.