తూరు మరచిన చెలిమి

దావీదు యెరూషలేమును గెలుచుకుని అక్కడ నిలదొక్కుకుంటున్న రోజుల్లో, ఉత్తరాన సముద్రపు ఒడ్డునుంచి ఒక రాజు దూతలను పంపాడు. వాళ్ల వెంట దేవదారు మ్రానులు, వడ్రంగులు, కాసెపనివాళ్లు వచ్చారు. పంపినవాడు తూరు రాజు హీరాము. గొర్రెలు కాచి రాజైనవాడికి ఇల్లు కట్టించి ఇవ్వడంతో ఆ స్నేహం మొదలైంది. దావీదు పోయి కొడుకు సొలొమోను గద్దె ఎక్కాడని వినగానే హీరాము మళ్లీ మనుషుల్ని పంపాడు. తండ్రి మీద ఉన్న ప్రేమ కొడుకు దాకా సాగింది. తూరు చివరికి ఏమైందో చదివినప్పుడల్లా నాకు ముందు ఈ హీరామే గుర్తుకొస్తాడు. అందుకే ఆ పతనం అంత బాధగా ఉంటుంది.

ఆనాటి తూరు రాతి దీవి. పంట భూమి తక్కువ. ఓడలు, ఊదారంగు బట్టలు, చేతి పనితనం దాని కలిమి. ఇశ్రాయేలుకు గోధుమ చేలు, ఒలీవ తోటలు ఉన్నాయి కానీ తూరు పొరుగువారైన సీదోనీయుల్లా మ్రానులు నరికే నేర్పు లేదు. హీరాము మనుషులు లెబానోనులో దేవదారు, సరళ వృక్షాలు నరికి, తెప్పలు కట్టి, సముద్రం మీదుగా యొప్పే రేవుకు చేర్చేవాళ్లు. బదులుగా సొలొమోను హీరాము ఇంటివారికి ఏటా 20,000 కోరుల గోధుమలు, దంచి తీసిన మేలైన నూనె పంపేవాడు. సొలొమోను యెరూషలేములో కట్టించిన మందిరానికి కంచుపని చేసిన శిల్పి పేరు కూడా హీరామే. అతని తండ్రి తూరువాడు, తల్లి నఫ్తాలి గోత్రపు విధవరాలు. మందిరం వాకిట నిలిచిన యాకీను, బోయజు స్తంభాలను పోతపోసినవాడు ఇలా రెండు జాతులకూ బిడ్డ. ఆ చెలిమికి అంతకన్నా నిండైన రోజు మళ్లీ రాలేదు.

కానీ లోపల పుచ్చు అప్పుడే పట్టింది. సొలొమోను 30,000 మందిని వెట్టికి పట్టాడు. నెలకు 10,000 మంది వంతున లెబానోనులో చాకిరీ చేయాలి, తర్వాతి రెండు నెలలు ఇంటి దగ్గర ఉండవచ్చు. మందిరం, రాజనగరు కట్టడానికి 20 ఏళ్లు పట్టింది. అంతా ముగిశాక సొలొమోను గలిలయలో 20 ఊళ్లను హీరాముకు ఇచ్చాడు. హీరాము వచ్చి చూశాడు, నచ్చలేదు. సహోదరుడా అని పిలుస్తూనే, ఇవేం ఊళ్లని అడిగాడు. ఇచ్చినవాడి మాట, పుచ్చుకున్నవాడి అలక బైబిలు గ్రంథంలో ఉన్నాయి. ఆ ఊళ్లలో కాపురమున్నవాళ్ల మాట మాత్రం ఒక్కటీ లేదు. నా మటుకు పతనం అక్కడే మొదలైంది. కలప, ధాన్యం మారే బేరంలోకి ఆనాడు మనుషులు కూడా వచ్చి చేరారు.

తర్వాతి శతాబ్దంలో ఈ పొత్తు వియ్యం దాకా వెళ్లింది. సీదోనీయుల రాజు ఎత్బయలు కూతురు యెజెబెలు ఇశ్రాయేలు రాజు అహాబుకు రాణి అయింది. వాళ్ల ఏలుబడిలో నాబోతు ద్రాక్షతోట కోసం కారిన నెత్తురు సంగతి మన క్రైస్తవుల ఇళ్లలో పిల్లలకు కూడా తెలుసు.

ఆమోసు ప్రవక్త తూరు మీద మోపిన నేరం వినండి. బందీలుగా దొరికిన జనాన్ని మొత్తంగా ఎదోముకు అప్పగించింది, సహోదర నిబంధనను జ్ఞాపకం చేసుకోలేదు. యోవేలు ప్రవక్త ఇంకా కఠినమైన మాట చెబుతాడు: యూదా, యెరూషలేము పిల్లలను తూరు, సీదోనులు గ్రీకులకు అమ్ముకున్నాయి. హీరాము వంశంతో ఇశ్రాయేలు కత్తి దూసినట్టు బైబిలు ఎక్కడా చెప్పదు. స్నేహం యుద్ధంలో చావలేదు, సంతలో అమ్ముడుపోయింది.

క్రీ.పూ. 586లో బబులోను సేన యెరూషలేమును కూల్చి, హీరాము దేవదారుతో కట్టిన మందిరాన్ని తగలబెట్టింది. తూరు సంతోషించింది, ఇక బేరాలన్నీ తనకేనని. బబులోను చెరలో ఉన్న యెహెజ్కేలు ప్రవక్త ఆ కేరింతను వేలెత్తి చూపి తీర్పు చెప్పాడు. ఆ వెంటనే తూరు కోసం శోకగీతం ఎత్తుకున్నాడు. తూరు ఒక ఓడ, శెనీరు సరళ వృక్షాల పలకలు, లెబానోను దేవదారు స్తంభం, బాషాను సింధూరపు తెడ్లు. దానితో వర్తకం చేసిన దేశాలన్నీ పేరుపేరునా వస్తాయి. వాటి నడుమ యూదా, ఇశ్రాయేలు కూడా ఉన్నాయి, గోధుమలు, తేనె, నూనె, గుగ్గిలంతో. నడి సముద్రంలో తూర్పుగాలి ఆ ఓడను బద్దలు చేసింది. పగవాడి చావుకు ఇంత ఓపికగా ఎవరు ఏడుస్తారు?

బబులోను రాజు నెబుకద్రెజరు తూరును 13 ఏళ్లు ముట్టడించాడని యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. దీవి నలిగినా నిలిచింది. చెరనుంచి తిరిగి వచ్చిన యూదులు రెండో మందిరానికి తూరు, సీదోనువాళ్లకే తిండి, నూనె ఇచ్చి యొప్పేకు దేవదారు తెప్పించుకున్నారు. పిల్లలను అమ్మినవాళ్లనే మళ్లీ అడిగారు.

క్రీ.పూ. 332లో అలెగ్జాండర్ వచ్చాడు. ఒడ్డునున్న పాత తూరు శిథిలాలను సముద్రంలో పోయించి దీవి దాకా కట్ట వేయించాడు. ఏడు నెలలకు కోట పడింది. తూరువాళ్లూ పరదేశులూ కలిపి సుమారు 30,000 మందిని బానిసలుగా అమ్మారని చరిత్రకారుడు అర్రియన్ రాశాడు. దీన్ని దేవుని న్యాయమని మెచ్చుకునేవాళ్లున్నారు. నాకు ఆ మాట నోట రాదు. యూదా పిల్లలను అమ్మినవాళ్లు ఎప్పుడో కాలం చేశారు. ఈ అమ్ముడైనవాళ్లు వేరు, వాళ్లలో పసివాళ్లూ ఉండే ఉంటారు. తీర్పు చెప్పిన యెహెజ్కేలే వాళ్ల ఊరి కోసం ఏడ్చాడు.