ముక్కల బండి, షోరూమ్ బండి

హైదరాబాదులో ‘బండి’ అంటే రెండు చక్రాలదే. అది రెండు రకాలుగా దొరుకుతుందని అమీర్‌పేట హాస్టల్ గదుల్లో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. పంజాగుట్ట వైపు అద్దాల షోరూముల్లో పూలదండ వేసి తాళాలు చేతికిచ్చేది ఒకటి. గురువారం జుమ్మేరాత్ బజారులో ట్యాంకు, పుత్లీబౌలిలో కార్బురేటరు, ఇంకెక్కడో ఫ్రేము ఏరుకొచ్చి కూర్చుకునేది ఇంకొకటి. మొదటిది అసలు బండి అనీ, రెండోది అతుకుల బొంత అనీ మనకో నమ్మకం. ఈ ఊరి చరిత్ర చూస్తే మాత్రం ఆ నమ్మకం అంత గట్టిది కాదనిపిస్తుంది నాకు.

అమీర్‌పేట దాటి ఎర్రగడ్డ వైపు వెళ్తే సనత్‌నగర్ వస్తుంది. 1942లో నిజాం కాలంలో మొదలైన ఆల్విన్ కంపెనీ ఉన్నది అక్కడే. బీరువాలు, బస్సు బాడీలు, ఫ్రిజ్‌లు, గడియారాలు, అన్నీ చేసింది. ఇప్పుడు కంపెనీ లేదు, ఆల్విన్ కాలనీ, ఆల్విన్ చౌరస్తా అన్న పేర్లు మిగిలాయి. ఆ పేరు మీదే ‘ఆల్విన్ పుష్పక్’ అనే స్కూటరు కూడా వచ్చింది. మన స్కూటరే అని జనం మురిసిపోయారు. కానీ దాని పుట్టుక చూడండి. మిలాన్‌లో ఇన్నొచెంటి అనే కంపెనీ 1947 నుంచి లాంబ్రెట్టా స్కూటర్లు చేసి, 1971లో ఆపేసింది. మరుసటి ఏడు మన కేంద్ర ప్రభుత్వం లక్నోలో స్కూటర్స్ ఇండియా పెట్టి, ఆ ఫ్యాక్టరీ యంత్రాలని డ్రాయింగులతో, హక్కులతో సహా కొనుక్కొచ్చింది. అంటే దేశం దేశమే పాత సామాను బజారుకి వెళ్లిందన్నమాట! ఆ లక్నో ఇంజన్లే గుజరాత్‌లో గిర్నార్ అయ్యాయి, కర్ణాటకలో ఫాల్కన్ అయ్యాయి, మన దగ్గర పుష్పక్ అయ్యాయి. ఇటలీ యంత్రాలు, లక్నో ఇంజను, హైదరాబాదు పేరు. షోరూమ్‌లో దండ వేసి ఇచ్చిన బండే అది.

ఇదంతా ఎందుకు జరిగిందంటే, 1951 పరిశ్రమల చట్టం కింద ఎవరు ఏది ఎన్ని చెయ్యాలో ఢిల్లీ చెప్పేది. బజాజ్ చేతక్ బుక్ చేసి ఏళ్లకేళ్లు ఎదురుచూశారు మన పెద్దవాళ్లు. డబ్బున్నా బండి లేదు. కొత్త స్కూటరు ఇంటికొచ్చిన మర్నాడే కొన్నదానికంటే ఎక్కువకి అమ్ముకోగలిగిన రోజులవి. అలాంటప్పుడు ఉన్న బండిని ముక్కలు మార్చి మార్చి బతికించడం పిసినారితనం కాదు, ఇంకో దారి లేకపోవడం. వీధి మెకానిక్కు అలా చిన్న ఫ్యాక్టరీ అయ్యాడు.

1991 తర్వాత లెక్క తిరగబడింది. షోరూములో వాయిదాల మీద బండి వెంటనే దొరికింది. ఇంకో పక్క కాగితం బిగిసింది. మా పక్క గదిలో ఒకతను ఆర్‌ఎక్స్ 100 కూర్చుకున్నాడు, ఆరు నెలలు పట్టింది. ఇంజను ఒక బండిది, ఫ్రేము ఇంకోదానిది. బండి అద్దిరిపోయేలా నడిచింది కానీ, ఆర్‌సీలో ఉన్న ఇంజను నంబరు వేరు. “ఫ్రేమ్ ఎవరిదైతే బండి వాళ్లది అన్నా, నువ్వు భయపడకు” అన్నాడు మెకానిక్కు. చట్టం అలా అనదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మార్పులకి హద్దులు పెట్టింది. 2000లో సవరణతో, తయారీదారు చెప్పిన వివరాలకి తేడా వచ్చే మార్పులు కుదరవన్నారు. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. దొంగబండ్ల ముక్కలు కలిసిపోకుండా, బ్రేకులు నమ్మకంగా ఉండేలా ఇది అవసరమే, కాదనను. అయితే ముక్కలు కూర్చే హక్కు కంపెనీకి ఉన్నంతగా వీధికి లేకుండా పోయింది.

మైసూరులో జావా, యెజ్డీలు చేసిన ఐడియల్ జావా 1996లో మూతపడింది. కంపెనీ పోయినా బండ్లు పోలేదు. కిక్ రాడ్డునే గేరు రాడ్డుగా వాడే ఆ పాత యెజ్డీల మీద ఇప్పటికీ తిరిగేవాళ్లున్నారు. 2018లో జావా పేరు, 2022లో యెజ్డీ పేరు మళ్లీ షోరూములకొచ్చాయి. పేర్లు అవే, ఇంజన్లు మాత్రం ఫోర్ స్ట్రోకువి. కొత్త యెజ్డీ పిస్టను పాతదానికి పట్టదు. అందుకే పాత బండి ఉన్నవాళ్లు కొత్త షోరూముకి వెళ్లరు, ఇంకా పుత్లీబౌలికే పోతారు.